ఆసుపత్రి చీటీకి తెలుగు రాదా?

మా మేనత్తది కోదాడ. మోకాళ్ళ నొప్పులకని ఒక ఆసుపత్రిలో చూపించుకొన్న పది రోజులకు కడుపులో మంట మొదలైంది. నేను వెళ్ళినప్పుడు ఆ చీటీ చేతికిచ్చి "ఏం రాసిండ్రో జూడు నాయనా" అంది. నొప్పి బిళ్ళకు ఎదురుగా 'ఎస్.ఓ.ఎస్.' అని ఉంది. అది 'సి ఓపస్ సిట్' అనే లాటిను మాటకు పొట్టిరూపం. అవసరమైతేనే అని అర్థం. ఆవిడ మాత్రం తక్కిన బిళ్ళల్లాగే దాన్నీ మూడు పూటలా మింగుతోంది. అసలే మధుమేహం ఉన్న మనిషి. అలాంటి మందు అదేపనిగా వాడితే కడుపుకే కాదు, మూత్రపిండాలకూ చేటు.

"నొప్పి ఉంటేనే వేసుకోవాలత్తా" అన్నాను.

"ఆ ముక్క తెలుగులో రాస్తే ఏం బోయె?" అంది.

నా కోపమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఓడీ అంటే రోజుకొకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్ఎస్ అంటే పడుకొనే ముందు. (మా ఊళ్ళో బీడీ అంటే అగ్గిపెట్టె వెతుక్కుంటారు. టీడీఎస్ అంటే ఉద్యోగస్థులకు జీతంలో కోత గుర్తొస్తుంది.) ఈ పొట్టిమాటలు వైద్యులకైనా నిక్కచ్చిగా అర్థమవుతాయా అంటే అదీ లేదు. కంటి వైద్యుడు ఓడీ అని రాస్తే కుడికన్ను. ఇన్సులిను 10 యూనిట్లకు బదులు 10 పక్కన 'యు' అక్షరం పెడితే అది సున్నాలా కనబడి 100 అయ్యే ప్రమాదముందని, అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లోనే ఆ అక్షరాన్ని వాడకూడనివాటి జాబితాలో చేర్చింది. వాళ్ళే తడబడేచోట మా అత్త ఏపాటి?

చీటీకన్నా దారుణమైనది డిశ్చార్జి కాగితం. మా బంధువొకాయనకు ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు చాలక, కొడుకు ఆయన్ను ఖమ్మం పెద్దాసుపత్రికి మార్చుకొన్నాడు. వెళ్ళేముందు సంతకం పెట్టమన్నచోట పెట్టాడు. ఆ కాగితం మీద 'లామా' అని ఉంది. వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్ళిపోయారని దానర్థం. డబ్బు లేక వెళ్ళినవాడు కాగితంలో మాట వినక వెళ్ళినవాడయ్యాడు! తరువాత ఏం జరిగినా బాధ్యత తమదేనని ఒప్పుకొన్నట్టు ఆ కుర్రవాడికి తెలియనే తెలియదు. తెలిసి పెట్టినదే సంతకం. తెలియక పెట్టినది వేలిముద్ర.

చట్టం ఊరికే లేదు. నల్లగొండలో మందుల దుకాణం నడిపే చిలుకూరి పరమాత్మ 2014లో హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. అప్పటికి మా కోదాడ కూడా నల్లగొండ జిల్లాలోదే. 2016 సెప్టెంబరులో భారత వైద్యమండలి నిబంధన మార్చి, మందుల జనరిక్ పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాలలో రాయాలంది. 2025లో పంజాబ్-హర్యానా హైకోర్టు, చదవగలిగే చీటీ జీవించే హక్కులో భాగమేనంది. సంతోషమే. కాని ఎస్.ఓ.ఎస్. ఎప్పుడూ పెద్దక్షరాల్లోనే ఉంటుంది గదా! చక్కని దస్తూరీతో రాసినంత మాత్రాన లాటిను తెలుగవుతుందా?

వైద్యులకు తీరిక లేదంటారు. నిజమే, బయట వందమంది కూర్చుని ఉంటారు. ఆసుపత్రి లోపల ఒకరికొకరు పొట్టిమాటలు రాసుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. గడప దాటి రోగి ఇంటికి వెళ్ళే కాగితం సంగతి వేరు. ఇప్పుడు చాలాచోట్ల చీటీలు కంప్యూటరులోంచే వస్తున్నాయి. లేఖినిలో తడుముకుంటూ తెలుగు కొట్టడం నేర్చుకొన్నవాళ్ళం మనం. యంత్రానికి తెలుగు రాదంటే మనలో ఎవరు నమ్ముతారు? బస్టాండు దగ్గరి మందుల షాపు కుర్రవాడు బిళ్ళల అట్ట మీద పెన్నుతో గీతలు గీసి 'పొద్దున ఒకటి, రాత్రి ఒకటి' అని క్షణంలో చెబుతున్నాడు. అంత చదువుకొన్నవారికి రానిదా అది?

పోయిన నెల అత్త మళ్ళీ అదే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. చీటీ వెనక్కిచ్చి "తెలుగులో రాయి సారూ, నేను ఐదు దాకా చదివిన" అందట. ఆయన నవ్వి, ప్రతి మందు పక్కనా రాసిచ్చారు. అర నిమిషం పట్టిందట.