జాగ్రత్త పౌరుడి వంతేనా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మంగళం పాడింది. ఆ తర్వాత ఆ సిస్టమ్‌లో బయటపడే లోపాలకు మామూలు వాడకందారుకు మరమ్మతు అందదు. అయితే ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే మరో ఏడాదిపాటు భద్రతా అప్‌డేట్లు వస్తాయి, సంస్థలు డబ్బు కట్టి ఇంకొంత కాలం నెట్టుకురావచ్చు. కొత్త విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ కూడా మరీ పాతది కాకూడదు. చక్కగా పనిచేస్తున్న పాత కంప్యూటర్లు చాలావాటికి ఆ అర్హత లేదు. కార్యాలయాల్లో, బడుల కంప్యూటర్ గదుల్లో, నెట్ సెంటర్లలో ఉన్న ఇలాంటి యంత్రాలను ఏం చేయబోతున్నారన్నది ఇప్పుడు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

వైరస్‌ల గురించి, స్పైవేర్ గురించి మాట రాగానే అధికారులు పౌరుడి వైపు తిరుగుతారు. తెలియని లింకు నొక్కొద్దు, ఓటీపీ చెప్పొద్దు, పాస్‌వర్డ్ మార్చుకో అంటారు. ఆ మాటలు నిజమే, అవసరమే. కానీ రెవెన్యూ, రిజిస్ట్రేషన్ కార్యాలయాలు, ఆసుపత్రులు, మీసేవ కేంద్రాలు, ఆంధ్రప్రదేశ్‌లో 15 వేలకు పైగా ఉన్న గ్రామ, వార్డు సచివాలయాలు... పౌరుడి ఆధార్, భూమి, జబ్బు, కులం, ఆదాయం అన్నీ వీటి కంప్యూటర్లలోనే ఉన్నాయి. అక్కడ అప్‌డేట్ వేయాల్సింది పౌరుడు కాదు. అక్కడ నిర్లక్ష్యం జరిగితే పౌరుడి జాగ్రత్త ఎందుకూ పనికిరాదు.

2017 మే 12 నాటి అనుభవాన్ని మనం మరిచిపోకూడదు. వనాక్రై అనే రాన్సమ్‌వేర్ చూస్తుండగానే ప్రపంచాన్ని చుట్టేసింది. సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం పడింది. తెర మీద ఎర్రటి పెట్టె, అందులో తరిగిపోతున్న గడియారం, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కట్టకపోతే మూడు రోజుల తర్వాత మొత్తం రెట్టింపన్న బెదిరింపు. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది వ్యాపించడానికి ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు. నెట్‌వర్క్‌లో ఒక్క యంత్రం దొరికితే చాలు, అప్‌డేట్ లేని మిగతా యంత్రాలను తనంతట తానే వెతుక్కుంటూ పోయింది. అది వాడుకున్న విండోస్ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే విడుదల చేసింది. అంటే దాదాపు రెండు నెలల వ్యవధి ఉంది. ఆ రెండు నెలల్లో దాన్ని వేసుకున్న కంప్యూటర్లకు వనాక్రై సోకే దారి లేకపోయింది.

ఇంగ్లండ్‌లో 236 ప్రభుత్వ వైద్య ట్రస్టుల్లో కనీసం 80 ఆ దాడికి కుదేలయ్యాయి. రోగుల అపాయింట్‌మెంట్లు 19 వేలకు పైగా రద్దయి ఉంటాయని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం అంచనా వేసింది. ముందే హెచ్చరికలు అందినా, వైరస్ సోకిన సంస్థల్లో అప్‌డేట్ వేయని, గడువు చెల్లిన విండోస్‌లే ఉన్నాయని అదే ఏడాది అక్టోబరులో బహిరంగ నివేదికలో రాసింది. తప్పు జరిగింది, దాన్ని లెక్కగట్టి ప్రజల ముందు పెట్టారు. మనకు కావాల్సింది సరిగ్గా ఇదే. 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ దెబ్బకు నిలిచిపోయాయి. అలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ నాలుగు రోజులు హడావుడి చేసి, సేవలు పునరుద్ధరించామని ఓ ప్రకటన ఇచ్చి చేతులు దులుపుకొంటే సరిపోదు.

ఢిల్లీ ఎయిమ్స్ ఉదంతం ఇంకా దగ్గరిది. 2022 నవంబరు 23 ఉదయం ఈ-హాస్పిటల్ వ్యవస్థ ఆగిపోయింది. ఓపీ చీటీలు, పరీక్షల రిపోర్టులు, అడ్మిషన్లు, డిశ్చార్జీలు అన్నీ దాదాపు రెండు వారాలపాటు చేతిరాత మీద నడిచాయి. దేశం నలుమూలల నుంచి రైలెక్కి వచ్చిన రోగులు వరుసల్లో పడిగాపులు పడ్డారు. 5 సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. నెట్‌వర్క్‌ను సరిగ్గా విభాగాలుగా విడదీయకపోవడమే దాడికి దారి ఇచ్చిందనీ ఒప్పుకుంది. ఓపీ కౌంటర్‌లో గుమస్తా జాగ్రత్తగా ఉన్నాడా లేదా అన్నది ఇక్కడ సమస్యే కాదు. ఆ నెట్‌వర్క్‌ను అలా కట్టినవారిది, అలాగే వదిలేసినవారిది ఆ బాధ్యత. చివరికి ఆసుపత్రిని ఒడ్డున పడేసింది దాడి తాకని ఒక బ్యాకప్ సర్వర్. అది కూడా లేకపోయి ఉంటే లక్షల మంది వైద్య చరిత్ర ఏమయ్యేదో ఊహించుకోవడమే కష్టం.

ఇక కింది స్థాయి సంగతి. పరీక్షల కాలంలో ఏ మండల కేంద్రంలోనైనా జిరాక్స్ షాపు దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. కుర్రాడు హాల్‌టికెట్ ప్రింటు కోసం పెన్‌డ్రైవ్ ఇస్తాడు. షాపతను పెట్టి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి ఉంటాయి. "వైరస్ ఉంది తమ్ముడూ, వాట్సాప్‌లో పెట్టు" అంటాడు. పెన్‌డ్రైవ్‌లోని వైరస్ అప్పటికే ఆ యంత్రంలోకి దిగి ఉంటుంది, దాని తర్వాత వచ్చే ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అంటుతుంది. కుర్రాడు అదే కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరుస్తాడు, ప్రింటు తీసుకుని లాగౌట్ చేయకుండా వెళ్లిపోతాడు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ చూస్తే పొద్దుటి నుంచి వచ్చినవాళ్ల ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు, కుల ధ్రువపత్రాలు వరుసగా పడి ఉంటాయి. ఆ కంప్యూటర్‌లో విండోస్‌కు లైసెన్సు ఉండదు, ఎవరో వేసిచ్చిన క్రాక్ మీద నడుస్తుంది. క్రాక్ వేసేముందు యాంటీవైరస్ ఆపాలని దాన్ని పంచేవాడే షరతు పెడతాడు. అలా ఆపిన క్షణంలో లోపలికి వచ్చేది క్రాక్ ఒక్కటే అనుకోవడం అమాయకత్వం. పాస్‌వర్డ్‌లు, బ్రౌజర్‌లో దాచిన లాగిన్‌లు కాజేసే స్పైవేర్‌ను ఇలాంటి ఫైళ్లలో కలిపి వదలడం నేరగాళ్లకు ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి.

షాపతన్ని దొంగలా చూపించడం మా ఉద్దేశం కాదు. పేజీ ప్రింటుకు ఐదో పదో తీసుకునే మనిషి పది వేలు దాటే లైసెన్సు ఎక్కడి నుంచి కొంటాడు? తెలుగు అచ్చుపనికి దీనికి తోడు మరో చిక్కు ఉంది. పాత పేజ్‌మేకర్, పాత అను ఫాంట్ల మీద ఏళ్ల తరబడి పెళ్లిపత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు చేసినవారు కొత్త సిస్టమ్‌కు మారితే ఆ ఫైళ్లు సరిగ్గా తెరుచుకుంటాయో లేదో అన్న భయంతో పాత యంత్రాన్నే పట్టుకుని వేలాడుతున్నారు. యూనికోడ్‌కు పూర్తిగా మారడం ఒక్కటే దీనికి శాశ్వత మందు. భాషా సంస్థలు, అకాడమీలు ఆ మార్పిడికి ఉచిత పరికరాలు, శిక్షణ ఇవ్వడం కంప్యూటర్ భద్రతలో భాగమేనని గుర్తించాలి.

సెల్‌ఫోన్ కూడా జేబులో ఉన్న కంప్యూటరే. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలాన్, పీఎం కిసాన్ డబ్బు అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే ఎస్‌ఎంఎస్‌లు నేరగాడి చేతికి వెళ్తాయి, ఓటీపీలు అక్కడే చేరతాయి. ఇక్కడ మాత్రం జాగ్రత్త పౌరుడిదే. శుభలేఖ అంటే ఫొటోనో పీడీఎఫ్ ఫైలో వస్తుంది, ఇన్‌స్టాల్ చేయమని అడగదు.

అయితే ఎంత జాగ్రత్తపరుడికైనా తప్పించుకోలేని స్పైవేర్ ఉంది. ఇజ్రాయెల్ సంస్థ ఎన్‌ఎస్‌ఓ తయారుచేసిన పెగాసస్ ఏమీ నొక్కకుండానే ఫోన్‌లోకి దిగగలదు. ప్రభుత్వాలకు మాత్రమే అమ్ముతామని ఆ సంస్థే చెబుతుంది. మన దేశంలో దాన్ని వాడారన్న ఆరోపణలపై జస్టిస్ ఆర్‌.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో సుప్రీంకోర్టు వేసిన సాంకేతిక కమిటీ పరిశీలించిన 29 ఫోన్లలో ఐదింటిలో ఏదో ఒక మాల్‌వేర్ దొరికింది, అది పెగాససేనని మాత్రం తేలలేదు. విచారణకు కేంద్రం సహకరించలేదని కమిటీ చెప్పినట్టు నాటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్‌.వి. రమణ 2022 ఆగస్టు 25న కోర్టు హాల్లోనే వెల్లడించారు. వనాక్రై వాడుకున్న లోపం కూడా అమెరికా జాతీయ భద్రతా సంస్థ తన గూఢచర్యానికి గుట్టుగా దాచుకున్నదే, అది లీకై నేరగాళ్ల చేతికి చిక్కింది. లోపం తెలిసినప్పుడు పూడ్పించాల్సిన ప్రభుత్వం దాన్ని ఆయుధంగా దాచుకుంటే చివరికి దెబ్బ తగిలేది ఆసుపత్రి మంచం మీద ఉన్నవాడికి. పౌరుల ఫోన్లపై స్పైవేర్ వాడకాన్ని న్యాయస్థానం అనుమతి లేకుండా జరగనివ్వని చట్టం ఈ దేశానికి కావాలి. కార్యనిర్వాహక వర్గం తనకు తానే అనుమతి ఇచ్చుకునే పద్ధతిని మేం అంగీకరించం.

చట్టాలు బొత్తిగా లేవని కాదు. సైబర్ దాడి జరిగితే 6 గంటల్లోగా తెలపాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ కబురు వెళ్లేది కేంద్ర సంస్థకు, వివరాలు పోగొట్టుకున్న మనిషికి కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం బాధితులకూ చెప్పాలంటుంది, భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటుంది. కానీ దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలు చూపి తాను నోటిఫై చేసే ప్రభుత్వ సంస్థలను దాని పరిధి నుంచి తప్పించే అధికారాన్ని కేంద్రం తన దగ్గరే ఉంచుకుంది. ప్రైవేటు కంపెనీకి ఒక నీతి, సర్కారుకు ఒక నీతి చెల్లవు.

డబ్బు లేదన్న సాకు కూడా నిలవదు. కేరళ ప్రభుత్వ బడులు ఏనాడో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారాయి, లక్షల మంది పిల్లలు అక్కడ లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. రక్షణ మంత్రిత్వ శాఖ 2023లో తన కంప్యూటర్లలో విండోస్ స్థానంలో ఉబుంటు ఆధారంగా తయారైన మాయా ఓఎస్‌ను తీసుకురావడం మొదలుపెట్టింది. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్లుగా కృషి చేస్తోంది. పెన్‌డ్రైవ్‌ల నుంచి వచ్చే ముప్పును అడ్డుకునే యూఎస్‌బీ ప్రతిరోధ్, ఫోన్లకు ఎం-కవచ్ వంటి ఉచిత సాధనాలు కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ హైదరాబాద్ శాఖలోనే తయారయ్యాయి, 2017లో మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వాటిని ఎవరికైనా ఇస్తుంది. ఊళ్లో తయారైన మందు ఊళ్లోవాళ్లకే అందకపోవడం పాలకుల వైఫల్యం.

పాఠకులకూ రెండు మాటలు. అప్‌డేట్ అడిగినప్పుడు వాయిదా వేయకండి. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్‌ను ఆపకండి, ఇంటి అవసరాలకు చాలామందికి అది చాలు. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా కాకుండా మామూలు ఖాతా వాడండి. ఫొటోలు, దస్తావేజులు విడి హార్డ్‌డిస్క్‌లో దాచి, పని కాగానే దాని వైరు పీకేయండి. తగిలించి ఉంచిన బ్యాకప్‌నూ రాన్సమ్‌వేర్ వదలదు. షాపులో ప్రింటు తీశాక మీ ఫైలు తొలగించమని అడగడానికి మొహమాటపడకండి. డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోన్ చేయండి.

మిగతాది ప్రభుత్వాల పని. ప్రతి శాఖలో గడువు చెల్లిన, లైసెన్సు లేని సిస్టమ్‌లు ఎన్ని ఉన్నాయో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు వచ్చే శాసనసభ సమావేశాల్లో లెక్క చెప్పాలి. వాటిని మార్చడానికో, లినక్స్‌కు తరలించడానికో తేదీతో సహా నిధులు కేటాయించాలి. ఆఫ్‌లైన్ బ్యాకప్ లేని కార్యాలయ అధిపతిని జవాబుదారీ చేయాలి, ప్రజాధనం నుంచి సైబర్ దోపిడీదారులకు ఒక్క రూపాయీ కట్టబోమని ప్రకటించాలి. ప్రతి దాడి మీదా స్వతంత్ర ఆడిట్ జరిపి, నివేదికను సభ ముందు పెట్టాలి. ఎవరి వివరాలు పోయాయో వారికి తెలుగులో, వారి ఫోన్‌కే కబురు పంపాలి.