రోగి చేతికి తక్‌పట్టీ యేది?

ఆర్మూరు ప్రాంతపు రైతు పసుపు బస్తాలను నిజామాబాదు యార్డునకు తోలుకొనిపోయినపుడు తూకమును కన్నులార చూచును. తక్‌పట్టీ చేతబడనిదే యింటిదారి పట్టడు. అట్టి గడుసరియే జబ్బుపడి బీమాపై ఆసుపత్రిలో చేరెనేని, తన పేర లక్షల లెక్క ఆసుపత్రికిని కంపెనీకిని నడుమ నడచుచుండగా, అందొక్క పంక్తియైన నెరుగక మంచముపై పడియుండును. ఇక వెళ్లవచ్చునని వైద్యుడు చెప్పిన పిమ్మటగూడ, కంపెనీ అనుమతి రాలేదని బిల్లుల గదియొద్ద కూర్చుండబెట్టుదురు. ఈలోగా కొడుకు అప్పునకై అడ్తిదారు నింటికి పరుగెత్తును. రాబోవు పంట అప్పుడే తాకట్టుపడును!

ఈ జాప్యమునకు దుర్బుద్ధి యొక్కటియే కారణము కాదు. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క పోర్టలు, ఒక్కొక్క ఫారము. గుమాస్తా ఒకే రోగి వివరములను పలుమార్లు ఎక్కింపవలెను. దీనిని మాన్పుటకే కేంద్రప్రభుత్వపు నేషనల్ హెల్త్ అథారిటీ, నేషనల్ హెల్త్ క్లెయిమ్స్ ఎక్స్ఛేంజ్ అను ఉమ్మడి వేదికను నిర్మించినది. పాలసీ చెల్లునా యను ప్రశ్న మొదలు తుది బిల్లువరకు అన్నియు ఒకే మూసలో, ఎలక్ట్రానిక్ పద్ధతిని అటునిటు పోవును. అందు చేరుడని బీమా నియంత్రణసంస్థ 2023లో కంపెనీలకు సూచించినది. 2024 మే నెలలో, నగదురహిత చికిత్సకు 1 గంటలోను, డిశ్చార్జికి 3 గంటలలోను జవాబీయవలెనని కట్టడిచేసినది. గడువు దాటినందువలన ఆసుపత్రి వసూలుచేయు అదనపు సొమ్మును కంపెనీ తన వాటాదారుల నిధినుండి భరింపవలెను. మంచి కట్టడియే. కాని ఆ మూడు గంటలు ఎప్పుడు మొదలైనవో రోగికి తెలియుటెట్లు? పంపితిమని ఆసుపత్రి యనును, అందలేదని కంపెనీ యనును. పంపిన క్షణము యంత్రమున నమోదగుచునే యున్నది గదా. ఆ క్షణమును, కోసిన ప్రతి రూపాయికి కారణమును రోగి ఫోనునకు తెలుగున పంపుటకు అడ్డేమి? అంతవరకు, పంపిన వేళను చీటీపై వ్రాసి సంతకముచేసి యిమ్మని మనవారు కౌంటరువద్ద పట్టుబట్టవలెను.

ఆరోగ్యశ్రీ యున్నది గదా యని కొందరనవచ్చును. 2007లో మొదలైన ఆ పథకపు పరిమితిని తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచినది; 2025 సెప్టెంబరులో బకాయిలకై ప్రైవేటు ఆసుపత్రులు ఆ సేవలను నిలిపివేసినవి. సమాచారము మెరుపువలె పోయి, సొమ్ము ఎడ్లబండిపై వచ్చినచో ఫలమేమి?

మరియొక సంగతి. పసుపు ధర పదిమందికి తెలియుట మేలు. రోగి వ్యాధి పదిమందికి తెలియుట కీడు. సమ్మతి స్వేచ్ఛగా, విషయమెరిగి ఇచ్చినదై యుండవలెననియు, కోరినవారికి నోటీసు తెలుగువంటి దేశభాషలలో దొరకవలెననియు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణచట్టము చెప్పుచున్నది. నొప్పితో మూలుగువానిచేత ఇంగ్లీషు ఫారముపై చేవ్రాలు చేయించుకొనుట సమ్మతి యగునా? ఆ పత్రమును తెలుగున ముద్రించి, ఇంటివారిలో నొకరికి చదివి వినిపించిన పిమ్మటనే సంతకము పుచ్చుకొనవలెనని రాష్ట్రప్రభుత్వము ఆసుపత్రులను శాసింపవలెను.