పలకా బలపంతోపాటు పంచదార పొట్లం

పిల్లవాడికి చక్కెర జబ్బు అనగానే మన ఇళ్ళలో మొదట పుట్టే ప్రశ్న, "మిఠాయిలు ఎక్కువ పెట్టారా?" అని. పాపం, తల్లి తల దించుకుంటుంది. దించుకోనక్కరలేదు. మొదటి రకం మధుమేహం తీపి తిన్నందువల్ల వచ్చేది కాదు. ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే దారి తప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. ఆ ఇన్సులిన్‌ను బయటినుంచి ఇవ్వక తప్పదు. కాకరకాయ రసంతో తీరే లోటు కాదది.

1922 జనవరిలో కెనడాలోని టొరాంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడికి యీ మందు సూదిద్వారా ఇచ్చారు. అంతకుముందు యీ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కారు. నేడు బడికి వెళుతున్నారు, ఆడుతున్నారు, పరీక్షలు ప్యాసవుతున్నారు. ఇక చిక్కల్లా మనతోనే.

ఇన్సులిన్ వేసుకున్న పిల్లవాడు వేళకు తినకపోయినా, ఆటలో మితిమీరి పరుగెత్తినా రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, అడిగినదానికి పొంతనలేని జవాబు చెబుతాడు. మాష్టారికి అది పొగరుగా కనిపించవచ్చు. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకంటే దిగితే మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ పరీక్షించాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయరాదు; వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. చక్కెర పెరిగినప్పుడు దాహం, మాటిమాటికీ మూత్రం. "ఇందాకే కదా వెళ్ళావు, కూర్చో" అనడం ధర్మం కాదు.

మా కళాశాలలో ఒక అమ్మాయి రెండేళ్ళు మరుగుదొడ్డిలో నిలబడి సూది వేసుకుంది. సంగతి పొక్కితే పెళ్ళి కాదని ఇంట్లో భయపెట్టారట. ఒకనాడు మెట్లమీద కూలబడింది. పక్కనున్నవారికి జబ్బు సంగతే తెలియదు. అదృష్టవశాత్తు వేళకు వైద్యం అందింది. ఇప్పుడు ఆమె స్నేహితురాళ్ళ సంచులన్నిటిలోనూ పంచదార పొట్లం వుంటుంది.

2017లో సి.బి.ఎస్.ఇ. వారు యీ పిల్లలు పరీక్ష హాలులోకి చక్కెర మాత్రలు, పండ్లు, మంచినీళ్ళు తెచ్చుకోవచ్చునన్నారు. 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్, బడివేళల్లో రక్తపరీక్షకు, సూదికి, చిరుతిండికి వీలు కల్పించాలని రాష్ట్రాలను కోరింది.

కాబట్టి తల్లులూ, తండ్రులూ! బడి తెరిచిన మొదటి రోజునే ప్రధానోపాధ్యాయుణ్ణి కలుసుకోండి. జబ్బు పేరు, లక్షణాలు, చేయవలసిన పని, మీ ఫోను నంబరు ఒక కాగితంమీద రాసి ఇవ్వండి. పక్క బెంచీ పిల్లలకు కూడా చెప్పనివ్వండి. వాళ్ళే ముందుగా కనిపెడతారు.