సదస్సుకు బయలుదేరే ముందు



మా మేనకోడలు అమెరికాలో సంగీతచికిత్సకురాలు. ఆ వృత్తివారి వార్షిక సదస్సులో ప్రసంగించే అవకాశం ఆమెకు లభించింది. ప్రయాణసన్నాహంలో ఉండగా ఫోను చేసి, "మామయ్యా, ఏ రాగం ఏ రోగాన్ని హరిస్తుందో మన శాస్త్రాల నుంచి ఒక పట్టిక వ్రాసి ఇవ్వండి. సభ ఆశ్చర్యపోవాలి" అని అడిగింది. అర్చకుడనైన నేను సంతోషంతో అంగీకరిస్తానని ఆమె భావించింది. నేను నిరాకరించాను. కారణం విన్నవిస్తాను.

అమెరికాలో ఈ విద్యకు 1944లో మిచిగన్‌లో విశ్వవిద్యాలయస్థాయి పాఠ్యక్రమం ఏర్పడింది. రెండవ ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులకు ఆసుపత్రులలో సంగీతం వినిపించిన అనుభవం దానికి బలమిచ్చింది. 1950లో జాతీయసంఘం వెలసింది. 1998లో రెండు సంఘాలు ఏకమై నేటి సంఘమైంది. అటువంటి విద్వత్సభకు ప్రమాణం లేని వాక్యాన్ని తీసుకొనిపోవడం మన శాస్త్రానికి గౌరవం కాదు, అపచారం.

13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరం స్వరవివరణకు ముందే పిండోత్పత్తిని, దేహనిర్మాణాన్ని వర్ణించింది. నాదానికీ దేహానికీ గల సంబంధాన్ని పూర్వులు గుర్తించారనడానికి అది చాలు. ఫలానా రాగం మధుమేహాన్ని నయం చేస్తుందనే నిర్ణయం దాని నుంచి రాదు. ముత్తుస్వామి దీక్షితులు శిష్యుని ఉదరశూల నివారణకై బృహస్పతి కృతిని రచించారని సంప్రదాయకథ. దానిని నేను భక్తితో స్మరిస్తాను. కాని ఐతిహ్యం వేరు, పరీక్షితమైన చికిత్స వేరు. శ్రద్ధకు అసత్యపు ఊతకర్ర అవసరం లేదు.

మరి మన సంప్రదాయం నుంచి ఆమె ఏమి తీసుకొనిపోవాలి? అధికారిభేదం. శిష్యుడు నిలిచిన మెట్టు నుంచే గురువు ఉపదేశం ఆరంభిస్తాడు. రోగి అప్పటి మనఃస్థితికి తగిన సంగీతంతో మొదలుపెట్టి, క్రమంగా దానిని మార్చాలనే సూత్రం వారి శాస్త్రంలోనూ ఉన్నది. అందరికీ ఒకే రాగం ఒకే ఫలమిస్తుందనే పట్టిక ఈ రెండు దృష్టులకూ విరుద్ధమే.

ఆమెకు మూడు సన్నాహాలు సూచించాను. మొదటిది పూర్వపక్షం. వాక్యార్థసభలో ప్రతివాది మాటను సమగ్రంగా చెప్పలేనివాడు సిద్ధాంతానికి అర్హుడు కాడు. కనుక తన ప్రసంగంపై రాగల ఆక్షేపణలను ముందుగా తానే వ్రాసుకోవాలి. రెండవది గోప్యం. అనుమతి లేనిదే రోగి వృత్తాంతం సభకెక్కరాదు. పరుల వేదన మన కీర్తికి నైవేద్యం కారాదు. మూడవది శ్రవణం. పది గోష్ఠులకు పరుగెత్తక, తన రోగులకు ఉపకరించే రెండు మూడింటిని ఎంచుకొని మనసుపెట్టి వినాలి. మననం లేని శ్రవణం నిష్ఫలం.

ఆమె కొంతసేపు మౌనం వహించింది. పిమ్మట, "ఎంతో నమ్మి నేను పాడిన జోలపాటకు ఒక పసివాడు చెవులు మూసుకున్నాడు మామయ్యా. ఆ సంగతి సభలో దాచాలనుకున్నాను. తల్లిదండ్రులు అనుమతిస్తే ఇప్పుడు దానితోనే మొదలుపెడతాను" అన్నది.

నేను కోరిన పాండిత్యం అదే. జిజ్ఞాసువులారా, రాగాలూ రోగాల పట్టికలు మనకు నిత్యం ఫోనులలో వస్తుంటాయి. వాటిని నమ్మి ఎవరైనా ఔషధం మానివేస్తే ఆ పాపంలో పంపినవారికీ భాగముంటుంది. నాదోపాసన చేద్దాం. నాదం పేరిట అసత్యం పలకకుందాం.

స్వస్తి.