పేరు మాది, తిట్టు మీది

తెలుగులో ఎదుటివాణ్ణి నీచుడని ఒక్క మాటలో తేల్చెయ్యాలంటే సులువుగా దొరికే మాట 'పింజారీ'. నాటకంలో జమీందారు నౌకర్ని అలా తిడతాడు. సినిమాలో మామ అల్లుణ్ణి తిడతాడు. కథల్లో గుమస్తాని తిడతారు. పండితుడి నోట, పామరుడి నోట, అభ్యుదయవాది నోట కూడా తడబడకుండా వచ్చే మాట ఇది. ఇది ఒక కులం పేరనీ, ఆ కులం వాళ్లు ముస్లింలనీ, తరతరాలుగా దూది ఏకి మీ పరుపులు కుట్టిన చేతులు వాళ్లవనీ చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లకి పట్టదు.

షేక్ నాజర్ జీవితకథ పేరు 'పింజారి'. ఆయన చెప్పుకున్న బతుకును అంగడాల వెంకటరమణమూర్తి అక్షరాల్లో పెట్టారు. మీరు తిట్టుగా వాడే మాట అట్టమీద ఆయన పేరు పక్కనే ఉంది.

నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టాడు. చిన్నతనంలోనే నాటకాల్లో చేరి ఆడవేషాలు కట్టాడు. 1940లలో ప్రజానాట్యమండలిలోకి వచ్చాడు. అప్పటిదాకా జంగం కథగా ఊరూరా తిరిగిన కళ, ఆయనా ఆయన తోటివాళ్లూ పట్టుకున్నాక, వేలమందిని తెల్లవార్లూ కూర్చోబెట్టే బుర్రకథ అయింది. నడుమ తంబురా మీటుతూ, వేళ్ల అందెలు మోగిస్తూ కథకుడు. ఒక పక్క రాజకీయం చెప్పే వంత, ఇంకో పక్క హాస్యం చెప్పే వంత. 1943 నాటి బెంగాల్ కరువును ఆంధ్ర పల్లెలకు వినిపించింది ఈ గొంతే. 1948 తర్వాత కమ్యూనిస్టుల మీద నిర్బంధం వచ్చినప్పుడు ఈ కళాకారులూ దాన్ని చవిచూశారు. 1954లో 'అగ్గిరాముడు' సినిమాలో అల్లూరి సీతారామరాజు కథ చెప్పి నాజర్ వెండితెర మీదా నిలబడ్డాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో కన్నుమూశాడు.

ఇప్పుడాయన్ని ఎలా తలుచుకుంటున్నారో చూడండి. 'ముస్లిం అయినా రాముడి కథ చెప్పాడు.' 'ముస్లిం అయినా ఎంత చక్కటి తెలుగు!' మెచ్చుకోలే, కాదనను. కానీ ఆ 'అయినా' ఎక్కణ్ణుంచి వచ్చింది? పొన్నెకల్లులో పుట్టినవాడికి తెలుగు రాక మరేం వస్తుంది? మా ఇళ్లలో చాలావాటిలో ఉగ్గుపాలతో వచ్చిన భాష తెలుగే. 1955లో 'అనార్కలి' సినిమాలో ఎస్.వి. రంగారావు అక్బరు వేషం వేశాడు. 'హిందువు అయినా అక్బరుగా నటించాడు' అని ఎవరైనా రాశారా? రాయరు. ఆయన నటుడు, వేషం వేశాడు, అంతే. అదే పని మావాడు చేస్తే మాత్రం దేశభక్తికి రుజువు, మతసామరస్యానికి సాక్ష్యం. రుజువులు అడిగేది ముద్దాయిల్నే కదా! ఆ బోను ఎక్కించాక కప్పే శాలువా మాకెందుకు?

లౌకిక మిత్రులు ఒక మాటంటారు: కళాకారుడికి కులం లేదు, మతం లేదు, నాజర్‌ని మీ గూటికి లాక్కోవద్దు అని. బాగుంది. కళాకారుడికి కులం లేకపోతే మీ తిట్టుకు మాత్రం కులం ఎందుకుంది? నాజర్ దగ్గరికొచ్చేసరికి చెరిపేసిన కులం, నౌకర్ని తిట్టాల్సి వచ్చేసరికి ఎలా గుర్తొస్తుంది? ఆయన చెప్పిన కథల్లో పేరు మోసింది పలనాటి యుద్ధం. అందులో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడు. ఆ కథ విని చప్పట్లు కొట్టి, ఇంటికెళ్లి పాలేర్ని 'పింజారీ వెధవా' అని కేకేసినవాళ్లు విన్నదేమిటి?

మన ముస్లిం పెద్దలనూ వదిలిపెట్టను. దూదేకులవాడికి ఉర్దూ రాదు, నమాజు సరిగా రాదు, వాడి పేరు సగం హిందువుదని ఎగతాళి చేసేది మీరే. మసీదులో భుజం భుజం కలుపుతారు, సంబంధం కలుపుకోవాల్సి వచ్చేసరికి ముఖం తిప్పుకుంటారు. ముస్లింలలో కులాల్లేవని వేదికలెక్కి చెబుతారు. హిందువులకు మేం తురకలం, తురకలకు మేం పింజారులం. ఇద్దరూ మమ్మల్ని గడప దగ్గరే నిలబెట్టారు.

రెండు తెలుగు రాష్ట్రాల వెనుకబడిన కులాల జాబితాలో, 'బి' గ్రూపులో, దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని మా పేర్లు వరసగా ఉన్నాయి. సర్కారు కాగితం మీద కులం, మీ నోట్లో బూతు. అందుకే మా పిల్లలు కొందరు ఆ పేరు వదిలి 'నూర్‌బాషా' అని మాత్రమే చెప్పుకుంటున్నారు. వాళ్లను తప్పు పట్టను. సిగ్గుపడాల్సింది పేరున్నవాళ్లు కాదు. దళితులను, గిరిజనులను కులం పేరుతో దూషిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అది కూడా ఎన్నో పోరాటాల మీద వచ్చింది. మాకు అలాంటి చట్టం లేదు. మీ మనస్సాక్షే మాకు చట్టం. అదేమో ఈ మాట దగ్గరికొచ్చేసరికి నిద్రపోతుంది.

ఒళ్లు వంచి పనిచేసే కులం పేరు తిట్టయింది, ఊరిని పీడించిన దొరతనం పేరు మర్యాదయింది. ఈ తలకిందుల లెక్క భాషలోకి తనంతట తాను రాలేదు. రాసేవాళ్లు రాశారు, ఆడేవాళ్లు ఆడారు, నవ్వేవాళ్లు నవ్వారు. రాసినవాళ్లే దిద్దాలి.

అడిగేది పెద్ద కోరికేం కాదు. నాటకం రాసేవాళ్లు, సినిమాకు మాటలు రాసేవాళ్లు, కథకులు ఆ తిట్టు మానండి. నాజర్ గురించి రాసేటప్పుడు ఆ 'అయినా' కొట్టెయ్యండి. 'ముస్లిం నాజర్', 'పింజారి నాజర్' అని నిండుగా రాయండి. ఆ పేరును ఆయన దాచుకోలేదు. పద్మశ్రీ ఇచ్చి గౌరవించామని చెప్పుకునేవాళ్లు ఆ పేరునూ గౌరవించాలి. అదయ్యేదాకా మీరు ఆయన పటానికి వేసే దండ మా మెడకు తగలదు.