నొప్పి వచ్చిందాకా రారట!



"పేటోళ్లు దవడ వాచిందాకా రారు. వచ్చాక పీకెయ్యమంటారు. శుభ్రం లేదు, శ్రద్ధ లేదు." అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో చదువుకున్న పెద్దమనుషులు మన గురించి అనే మాట ఇది. నొప్పి వచ్చిందాకా వెళ్లమన్నది నిజమే. ఎందుకు వెళ్లమో మేం చెబుతాం, వినండి.

మొదటిది కూలి. కొబ్బరి దింపు తీసేవాడైనా, పీచు పనికెళ్లే ఆడమనిషైనా పని మానితే ఆ రోజు కూలి పోయినట్టే. పుచ్చు చిన్నగా ఉండగా నింపిస్తే ఒక్కసారితో తీరిపోద్ది. కాని అప్పుడు నొప్పుండదు. నొప్పి లేని పన్ను కోసం కూలి వదులుకునేదెవరు? పుచ్చు నరం దాకా దిగితే రూట్ కెనాల్ అంటారు. వేలల్లో ఖర్చు, రెండు మూడు సార్లు తిరుగుడు. పీకిస్తే ఒక్క రోజు, తక్కువ డబ్బు. మనవాడు పీకించుకునేది తెలివి లేక కాదు, లెక్క తెలిసే. ఆ లెక్క రాసింది మనం కాదు.

రెండోది భయం. పై పన్ను పీకితే చూపు పోద్దంటారు. అబద్ధం. కంటి నరం వేరు, పంటి నరం వేరు. మాత్ర మింగితే నొప్పి అణుగుద్దే గాని చీము పోదు. పొగాకు నొక్కితే జబ్బు ఇంకా పెరుగుద్ది. విశాఖ, శ్రీకాకుళం తీరాన అడ్డచుట్ట తాగే ఆడవాళ్లకి అంగిట్లో క్యాన్సర్ వస్తోందని పరిశోధకులు 1970లలోనే రాశారు.

మూడోది పైకి ఎవరూ అనరు. ఎంగిలి! పళ్ల వైద్యమంటే నోట్లో చెయ్యి పెట్టడం. టీ కొట్లో మనకి వేరే గ్లాసు పెట్టిన దేశం ఇది. కథియవాడ్‌లో ఒక అంటరాని పంతులు భార్య బాలింతరాలు. డాక్టరు ఆమెని ముట్టుకోలేదు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను పంతులికిచ్చాడు, పంతులు భార్యకి పెట్టాడు. ఆమె చచ్చిపోయింది. ఆ పంతులు ఉత్తరం 1929 డిసెంబరు 12న 'యంగ్ ఇండియా'లో అచ్చయింది. బాబాసాహెబ్ దాన్ని 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఎక్కించాడు. ఇవాళ గ్లవ్స్ తొడిగి ముట్టుకుంటారు. కాని "ఏ పేట మీది?" అన్న గొంతులో తేడా మనకి ఇట్టే తెలుస్తది. ఆ గొంతు విన్నవాడు రెండోసారి ఆ గుమ్మం ఎక్కడు.

శుభ్రం లేకపోవడమే కారణమైతే, లోకంలో దాదాపు 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఎందుకు చెప్పినట్టు? వాళ్లంతా మన పేటోళ్లేనా?

జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014-15లో మొదలైంది. దాని ఫలం మన ఊరికి ఎంత వచ్చిందో అడుగుదాం. సమాచార హక్కు చట్టం, 2005 కింద అర్జీ పెట్టండి. మన ఆసుపత్రిలో పళ్ల డాక్టరు పోస్టుందా? కుర్చీ పనిచేస్తోందా? ఏడాదిలో ఎన్ని పళ్లు పీకారు, ఎన్ని నింపారు? 30 రోజుల్లో జవాబియ్యాలి. దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్లకి ఫీజు లేదు. పీకినవి ఎక్కువై నింపినవి తక్కువైతే ఆ తప్పు మన శ్రద్ధది కాదు, సర్కారుది. కూలి ముగిశాక సాయంత్రం పూట కూడా పళ్ల డాక్టరు ఉండాలని గట్టిగా అడగండి.

మనం చేయాల్సింది కూడా ఉంది. ఒకరు వెళ్లి బాగై వస్తే పదిమంది వెళతారు. ఒంటరిగా కాదు, నలుగురు కలిసి వెళ్లండి. నలుగురుంటే గొంతు మారుద్ది.

2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టినా జిల్లాకి అంబేద్కర్ పేరు నిలిచింది. పేరు నిలిస్తే చాలదు. ఆ పేరున్న జిల్లాలో మన నోరు నొప్పి లేకుండా తినాలి, భయం లేకుండా మాట్లాడాలి.

జై భీమ్!