నీళ్లు తోడేసిన గాలిమరతోనే నీళ్లు పోయించారు

ఒక పాత యంత్రాన్ని ఉన్నచోటి నుంచి ఊడదీసి, ఇంకోచోట మళ్లీ బిగిస్తే అది పాతదేనా, కొత్తదా? ఈ ప్రశ్న వేస్తే సివిల్ వాళ్లు ఒకలా, మెకానికల్ వాళ్లు ఇంకోలా చెప్తారు. నా మాట ముందే చెప్పేస్తాను. చోటు మారినా ఫర్వాలేదు, పని పోకూడదు. ఎందుకంటున్నానో తెలియాలంటే ఇంగ్లండులోని ఒక చిన్న చెక్క గాలిమర సంగతి వినాలి.

తూర్పు ఇంగ్లండులో ఫెన్ అంటే ఎప్పుడూ తడి ఆరని చిత్తడి నేల. 17వ శతాబ్దంలో కార్నెలియస్ వెర్ముయిడెన్ అనే డచ్చి ఇంజనీరు పెద్ద పెద్ద కాలవలు తవ్వించి, ఆ నీటిని సముద్రం వైపు మళ్లించి, నేలను సాగులోకి తెచ్చే పని మొదలుపెట్టాడు. దానికి డబ్బు పెట్టినవాళ్లని అడ్వెంచరర్లు అనేవారు. సాహసం అంటే ఇక్కడ కత్తి దూయడం కాదు, పెట్టుబడి పెట్టడం (మన స్టార్టప్ బ్యాచ్‌కి ఈ బిరుదు నచ్చుతుంది). కేంబ్రిడ్జ్‌కి దగ్గర్లో, వికెన్ ఊరి పక్కన ఉన్న అడ్వెంచరర్స్ ఫెన్ పేరు అలా వచ్చిందే.

అయితే ఆ నేల మామూలు మట్టి కాదు, పీట్. సగం కుళ్లిన మొక్కలు వేల ఏళ్లుగా పేరుకుపోయిన నల్లమట్టి. నీళ్లలో మునిగి ఉన్నంతకాలం దానికి గాలి తగలదు, అలాగే ఉంటుంది. నీళ్లు తీసేశారో, ముందు ఎండి కుంచించుకుపోతుంది. తర్వాత గాలి తగిలి మెల్లగా కార్బన్ డయాక్సైడుగా మారి ఎగిరిపోతుంది. అంటే నేల కుంగుతుంది. పొలం కుంగితే పక్కనున్న కాలవ ఎత్తులో పడుతుంది, మురుగు తనంతట తాను పారదు. అందుకని గాలిమరలు పెట్టి ఎత్తిపోశారు. ఎత్తిపోసిన కొద్దీ నేల ఇంకా కుంగింది. ఇదొక తెగని లూప్. హోల్మ్ అనే చోట 1850ల మొదట్లో ఒక ఇనుప స్తంభాన్ని దాని కొన నేలకి సమంగా ఉండేలా పాతారు. ఇప్పుడు ఆ కొన దాదాపు 4 మీటర్ల ఎత్తులో ఉంది. స్తంభం పెరగలేదు, నేలే దిగిపోయింది.

మన గాలిమర 1912లో అడ్వెంచరర్స్ ఫెన్‌లో పుట్టింది. సోహమ్ ఊరికి చెందిన హంట్ బ్రదర్స్ కట్టారు. దగ్గర్లోని స్ట్రెథమ్‌లో 1831లోనే నీళ్లు తోడే ఆవిరి ఇంజను వచ్చింది. ఆ తర్వాత ఎనభై ఏళ్లకి చెక్కతో గాలిమర కట్టడమేమిటి అనిపిస్తుంది. చిన్న పనికి బొగ్గు కొనే ఖర్చు లేకుండా గాలి ఊరికే వస్తుంటే ఎవరు కాదంటారు? రెక్కలు తిరిగితే ఇరుసు తిరుగుతుంది, పళ్లచక్రాలు ఆ తిప్పుడుని కిందికి దింపుతాయి, అడుగున ఆకులున్న చక్రం పల్లపు నీటిని ఎత్తు కాలవలోకి నెడుతుంది. ఎత్తు తక్కువ, నీళ్లు ఎక్కువ.

తర్వాత డీజిల్, కరెంటు పంపులు వచ్చాయి, గాలిమరలన్నీ కూలిపోయాయి. ఇదొక్కటి మిగిలింది. ఫెన్ ప్రాంతంలో చెక్కతో కట్టిన నీటి గాలిమరల్లో చివరిది ఇదే. 1956లో దీన్ని ఊడదీసి పక్కనే ఉన్న వికెన్ ఫెన్‌కి తెచ్చి, బాగుచేసి నిలబెట్టారు. వికెన్ ఫెన్ నేషనల్ ట్రస్ట్ వాళ్ల మొట్టమొదటి ప్రకృతి రక్షిత స్థలం. 1899లో 10 పౌండ్లిచ్చి కొన్న రెండెకరాలతో మొదలైంది. ఇప్పుడక్కడ తొమ్మిది వేలకు పైగా జీవజాతులు లెక్కకొచ్చాయి. చుట్టూ పొలాలు కుంగిపోవడంతో తడిగా మిగిలిన ఈ ముక్క ఎత్తులో పడింది, దాని నీరు బయటికి జారిపోవడం మొదలైంది. కాబట్టి ఈ గాలిమరని కింది కాలవలోంచి నీరెత్తి ఫెన్‌లోకి పోయడానికి పెట్టారు.

నాకు నచ్చింది సరిగ్గా ఇక్కడే. పని తలకిందులైంది, సూత్రం మాత్రం మారలేదు. పల్లం నుంచి మెరకకి నీరెత్తడమే దాని పని. ఫెన్ ఏ పక్కన ఉందో దానికి అనవసరం, అది తేల్చుకోవాల్సింది మనుషులు.

పెద్దల అభ్యంతరం ఒకటుంది. కట్టడాన్ని దాని పరిసరాల నుంచి విడదీయకూడదని, కాపాడడానికి ఇంకో దారి లేకపోతేనే కదిలించాలని 1964 నాటి వెనిస్ చార్టర్ అంటుంది. సబబే. నాగార్జునసాగర్ నీళ్లొస్తున్నాయని నాగార్జునకొండ కట్టడాల్లో కొన్నిటిని కొండమీదికీ అనుపుకీ తరలించిందీ దాదాపు ఆ రోజుల్లోనే. అక్కడ వేరే దారి లేదు. కానీ రాతి కట్టడానికి నిలబడితే చాలు. యంత్రం నిలబడి ఉంటే ఏం లాభం? ఇక "చెక్కలు మార్చారు కదా, ఇంకా పాతదెలా అవుతుంది" అనేవాళ్లకి నా జవాబు: తాతగారి మంచానికి నులక ఎన్నిసార్లు మార్చినా అది తాత మంచమే, ఎవరో ఒకరు దానిమీద పడుకుంటున్నంత కాలం.

ఒక మోటారు పెడితే ఇంతకన్నా సులువు కాదా అని మా రూమ్మేట్ అడిగాడు. సులువే, ఒప్పుకుంటా. అయితే మోటారుని చూసి ఆ నీటి కథ ఎవరూ అడగరు.

మన వర్క్‌షాప్ ముందు సిమెంటు దిమ్మె మీద, వెండి రంగు పూసిన ఆయిల్ ఇంజను ఉంది కదా. ఒకప్పుడు ఎవరి పొలానికో నీళ్లు తోడినదే అయ్యుంటుంది. ఇప్పుడు దానిపక్కన ఫొటోలు తప్ప ఇంకేం లేదు. ఫ్లైవీల్‌ని కూడా రంగుతో అతికించేశారు. దాన్ని గౌరవం అనుకుంటున్నాం, నాకైతే అది పెయింటు ఖర్చు. వచ్చే సెప్టెంబరు 15లోగా ఆ రంగు గీకి, పిస్టన్ విడిపించి, కనీసం హాస్టల్ వెనక మొక్కలకి నీళ్లు తోడించగలమా? థర్డ్ ఇయర్ మెకానికల్ వాళ్లు ముగ్గురు సరే అన్నారు. స్పానర్లు ఉన్నాయి. కిరోసిన్ ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.